అమ్మమ్మ బొమ్మని మూడుసార్లు గీయాలి

"అదే బొమ్మని చిన్నది చేస్తే సరిపోతుంది కదండీ. మళ్ళీ గీయడమేంటి, దానికి వేరే డబ్బులేంటి?"

ఈమధ్య విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటరు గుమ్మంలో చెవిన పడ్డ మాట ఇది. అడిగిన కుర్రాడు పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెడుతున్నాడు. వాళ్ళ అమ్మమ్మగారి బొమ్మతో లోగో చేయించుకున్నాడు. బొమ్మ బాగుంది. సీసా మూత మీద వేసేసరికి ముఖం నల్లగా అలుక్కుపోయింది. డిజైనరు ఏదో చెప్పబోయి, "సరేనండి, కొంచెం షార్ప్ చేసిస్తాను" అన్నాడు. షార్ప్ చేస్తే పోయే జబ్బు కాదది. ఇద్దరికీ ఆ సంగతి తెలియకపోవడం వల్లే ఇది రాయాలనిపించింది.

నా వాదన ఒక్కటే. బొమ్మతో ఉన్న లోగోని ఒకసారి గీసి సాగదీయడం, కుదించడం తప్పు. పెద్దది, నడిమిది, చిన్నది అని మూడుసార్లు విడివిడిగా గీయాలి. ధర కూడా మొదటి రోజే ఆ మూడింటికీ కలిపి చెప్పాలి. ఉత్త అక్షరాల లోగోకి ఈ బాధ తక్కువ. మనిషి ముఖమో, ఎద్దులబండో, జాడీ పక్కన మిరపకాయల గుత్తో ఉన్న లోగోకి మాత్రం ఇది తప్పదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. సీసపు అచ్చుల రోజుల్లో 12 పాయింట్ల అక్షరానికీ 36 పాయింట్ల అక్షరానికీ వేర్వేరు పోతలు ఉండేవి. చిన్న సైజులో సందులు కాస్త వెడల్పుగా, గీతలు కాస్త లావుగా చెక్కేవారు. కంప్యూటరు వచ్చాక మూల లాగితే ఏ సైజైనా వస్తుందనే అలవాటు పడింది. అంత దూరం ఎందుకు, కొండపల్లి బొమ్మలు చూడండి. అరచేతంత బొమ్మకి కనురెప్పలు, పెదవులు, పైట అంచు అన్నీ దిద్దుతారు. వేలెడంత బొమ్మకి కళ్ళు రెండు నల్ల చుక్కలు, బొట్టు ఒక ఎర్ర చుక్క, అంతే. రెండిటికీ తెల్ల పొణికి కర్రే, రంగులూ అవే. చిన్న బొమ్మని తక్కువ పని అని ఎవరూ అనరు.

లెక్క వేసి చూస్తే

అమ్మమ్మ ముఖం ఏ4 కాగితం మీద 200 మిల్లీమీటర్ల ఎత్తున గీశారనుకుందాం. ముడతలకి, వెంట్రుకలకి వాడిన గీత మందం అర మిల్లీమీటరు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

సీసా లేబులు మీద లోగోకి దొరికేది మహా అయితే 40 మిల్లీమీటర్లు. నికర బరువు, ధర, తయారీ తేదీ, కావలసిన సరుకులు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, చదరంలో ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ చోటు తినేశాక మిగిలేది అది. ఐదో వంతుకి కుదిస్తే అర మిల్లీమీటరు గీత 0.1 అవుతుంది. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో పావు పాయింటు గీత, అంటే సుమారు 0.09 మిల్లీమీటరు, చివరి హద్దు అనుకోవచ్చు. కాబట్టి లేబులు మీద బతికీ బతకనట్టు ఉంటుంది. విజిటింగ్ కార్డు మీద 15 మిల్లీమీటర్లకి తెస్తే గీత 0.04 కూడా ఉండదు, పోయినట్టే. గుడ్డ సంచి మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తే 0.3 కన్నా సన్నని గీతని నమ్ముకోవద్దు. ఇక ఏప్రాన్ మీద ఎంబ్రాయిడరీ అంటే దారం కుట్టుకి కనీసం ఒక మిల్లీమీటరు వెడల్పు కావాలి. 70 మిల్లీమీటర్ల బొమ్మలో మన గీత 0.18 దగ్గర ఉంటుంది. మిషను దాన్ని కుట్టలేదు, కుట్టినా ముడి పడుతుంది.

గీత సన్నబడటం సగం గొడవ. మిగతా సగం సందులది. రెండు ముడతల మధ్య తెల్లటి ఖాళీ కూడా అదే లెక్కన కుదించుకుపోతుంది. కాగితం మీద సిరా కొంచెం పాకుతుంది, ముదురు గోధుమరంగు అట్టపెట్టె మీదైతే ఇంకా పాకుతుంది. సందు మూసుకుపోగానే కంటి కింద మూడు ముడతలు ఒక నల్ల మచ్చ అవుతాయి. ఆ కుర్రాడి సీసా మూత మీద జరిగింది అదే. 63 మిల్లీమీటర్ల మూతలో అంచు వదిలి, చుట్టూ పేరు వదిలితే ముఖానికి మిగిలేది 25. ఫైల్లో షార్ప్‌నెస్ ఎంత పెంచినా సందు వెడల్పు పెరగదు.

బోర్డు పెద్దది కాబట్టి దానికి పెద్ద బొమ్మ వాడొచ్చు అని చాలామంది అనుకుంటారు. దీని దగ్గర కాసేపు ఆగాలి. ఏలూరు రోడ్డు మీద షాపు బోర్డుని అవతలి వైపు నుంచో, వచ్చే బస్సులోంచో చూస్తారు. దూరం ముప్పై మీటర్లు అనుకోండి. మామూలు చూపున్న కంటికి మీటరు దూరంలో 0.3 మిల్లీమీటరు వివరం తెలుస్తుంది. ముప్పై మీటర్లలో తొమ్మిది మిల్లీమీటర్ల కన్నా సన్నంగా ఉన్నది కలిసిపోతుంది. నాలుగడుగుల ముఖంలో మన ముడత గీత మూడు మిల్లీమీటర్లే అవుతుంది. అంటే విడిగా తెలియదు. అంత దూరం నుంచి నాలుగడుగుల ముఖం, చేతిలో పట్టుకున్న కార్డు మీది 16 మిల్లీమీటర్ల ముఖం కంటికి ఒకే సైజు. కాబట్టి బోర్డుకి వాడాల్సింది చిన్న బొమ్మ, లేదా నడిమిది. పెద్ద బొమ్మకి నిజంగా పనిబడేది షాపులో గోడ మీద, గిఫ్ట్ పెట్టె మూత మీద, క్యాలెండరు మీద. దగ్గర నిలబడి తీరిగ్గా చూసే చోట్లన్నమాట.

పోలిక ఎవరికి కావాలి

ఇలాంటి పనిలో బొమ్మని చూసేవాళ్ళు రెండు రకాలు. ఇంట్లోవాళ్ళు అమ్మమ్మని చూసినవాళ్ళు. వాళ్ళు ముక్కు దగ్గర మొదలుపెట్టి గడ్డం మీది పుట్టుమచ్చ దాకా పోలిక వెతుకుతారు. కొనేవాళ్ళు ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. వాళ్ళకి కావలసింది రెండోసారి వచ్చినప్పుడు అరలో ఆ సీసా ఏదో తెలియడం. పెద్ద బొమ్మ మొదటివాళ్ళ కోసం, చిన్న బొమ్మ రెండోవాళ్ళ కోసం. ఒకే బొమ్మతో ఇద్దరినీ మెప్పించాలని చూసినప్పుడు ఇంట్లోవాళ్ళ మాటే చెల్లుతుంది, ఎందుకంటే డబ్బిచ్చేది వాళ్ళు. అలా ముడత మీద ముడత చేరుతుంది.

అందుకని చిన్న బొమ్మలో ఏం ఉంచాలో ముందే తేల్చుకోవాలి. ఫోటో తీసుకుని ఒక్కొక్కటీ వేలితో మూస్తూ చూడండి. ముడి మూస్తే ఆవిడ ఆవిడలా ఉన్నారా? కళ్ళజోడు మూస్తే? రూపాయి కాసంత బొట్టు మూస్తే? సాధారణంగా మూడు చాలు. తల ఆకారం, ముడితో కలిపి. కళ్ళజోడు. బొట్టు. ఇవి మూడు సైజుల్లోనూ ఒకే చోట, ఒకే కోణంలో ఉండాలి. మిగతావన్నీ సైజుని బట్టి వచ్చి పోయేవే.

ముక్కుపుడక మంచి ఉదాహరణ. పెద్ద బొమ్మలో అది ఏడు రాళ్ళ పుడక. ఒక్కో రాయి, మధ్యలో మెరుపు, కింద చిన్న నీడ. నడిమి బొమ్మలో ఒక తెల్ల చుక్క, చుట్టూ గీత. 25 మిల్లీమీటర్ల బొమ్మలో అది ముక్కు మీద నల్ల చుక్కగా మిగిలి పులిపిరిలా కనిపిస్తుంది. తీసెయ్యాలి. తీసేస్తే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు, "అమ్మమ్మ పుడక లేకుండా ఎప్పుడూ లేదు" అంటారు. ఆ మాట నిజమే, దానికి గౌరవం ఇవ్వాల్సిందే. ఆ పుడక పెద్ద బొమ్మలో నిలబడి ఉంది కాబట్టే చిన్నదాంట్లోంచి తీసే ధైర్యం వస్తుంది. ఒకటే బొమ్మ ఉంటే ఈ బేరం కుదరదు.

గీసే వరుస చిన్నదాని నుంచి పెద్దదానికి పోవాలి. కాగితం మీద 25 మిల్లీమీటర్ల గళ్ళు ఇరవయ్యో ముప్పయ్యో గీసుకుని, 2బీ పెన్సిలుతో ఒక్కో గడిలో ముఖం వేయడం. అంత చోటులో పెన్సిలు మొన అబద్ధం ఆడనివ్వదు. నిలబడ్డ రెండు మూడింటిని పెంచి నడిమిదిగా, తర్వాత పెద్దదిగా గీయాలి. పార్టీకి, అంటే గీయించుకునేవాళ్ళకి, చూపించే వరుస మాత్రం పెద్దదాని నుంచి. ముందు పోలిక చూసి మనసు కుదుటపడితే, తర్వాత చిన్నదాంట్లో ఏం తీసేశామో వింటారు. కరెక్షన్లన్నీ పెన్సిలు దశలోనే, రెండు విడతలు. ఇంకు చేసి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, పెన్ టూల్‌తో వెక్టరు (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ) చేశాక ముక్కు మార్చమంటే మూడు బొమ్మల్లోనూ మార్చాలి. ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

స్కాన్‌ని సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చే ఆటో ట్రేస్ మీద ఆధారపడొద్దు. తెరమీద బాగానే కనిపిస్తుంది, కానీ ఒక్క కనుబొమకి వందల నోడ్లు, అంటే గీతని పట్టి ఉంచే బిందువులు, పెడుతుంది. వినైల్ కటింగ్‌కి పంపితే ప్లాటరు (స్టిక్కరు కోసే మిషను) బ్లేడు ఆ వంకరలన్నీ తిరిగి స్టిక్కరు అంచుని నమిలేస్తుంది. చేత్తో చేస్తే అదే కనుబొమకి నాలుగు నోడ్లు చాలు.

తెల్లజుట్టు నల్లబడితే

ఎర్ర క్యారీబ్యాగు మీద తెల్ల సిరాతో వేయమంటారు. ప్రెస్సులో అబ్బాయి నల్లదాన్ని తెల్లగా తిప్పేస్తాడు. అక్షరాలకి అది సరిపోతుంది. ముఖానికి చేస్తే పాత ఫోటో నెగెటివ్‌ అవుతుంది. తెల్లజుట్టు ముదురుగా, కంటిపాపలు తెల్లగా, బుగ్గల నీడలు మెరుస్తూ, అమ్మమ్మ దయ్యంలా కనిపిస్తుంది. ముదురు రంగు మీద వేసే బొమ్మని మళ్ళీ ఆలోచించి గీయాలి. వెలుగు పడే చోట సిరా, నీడకి బ్యాగు రంగు. నడిమి బొమ్మకీ చిన్నదానికీ ఈ తిరగేసిన రూపం తప్పక ఉండాలి, పెద్దదానికి అక్కర్లేదు. కాబట్టి మూడు అన్నానే గానీ ఫైల్లో లెక్కపెడితే ఐదు ఉంటాయి.

రంగుల గురించి రెండు మాటలు. మిరపపండు ఎరుపు నాలుగు రంగుల ముద్రణలో మెజెంటా, పసుపు నిండుగా కలిపితే వస్తుంది. రెండు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నగీత చుట్టూ పసుపు అంచు కనపడుతుంది. చిన్న బొమ్మ ఒక్క సిరాతోనే నిలబడాలి. రెండోది, పారదర్శకంగా ఉండే సీసా మీద ఎర్ర బొమ్మ వేస్తే వెనక ఆవకాయ ఎరుపులో కలిసిపోతుంది. కింద తెల్ల పూత వేయించాలి, లేదా స్టిక్కరే తెల్లదై ఉండాలి. ఖాళీ సీసా మీద ప్రూఫు చూసి ఓకే చేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ఒత్తులకి చోటు

విజయవాడ అని రాస్తే ఒక్క ఒత్తు లేదు. గుంటూరు అన్నా లేదు. పచ్చళ్ళు అనగానే రెండు. లక్ష్మి పేరు ముందు పెడితే ఒకదాని కింద ఒకటి వేలాడతాయి. గుండ్రటి లోగోలో పేరుని వంపు మీద రాసినప్పుడు ఇది పెద్ద తలనొప్పి. పై వంపులో అక్షరాల పాదాలు కేంద్రం వైపు ఉంటాయి, అక్కడ చోటు ఇరుకు, ఒత్తులు ఒకదాన్నొకటి రాసుకుని బొమ్మ నెత్తిన పడతాయి. కింది వంపులో పాదాలు బయటికి, ఒత్తు వెళ్ళి అంచు గీతని గుద్దుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే పట్టీ తెలుగుకి చాలదు. అక్షరం ఒంటి ఎత్తుకి కనీసం రెండింతలు పట్టీ వెడల్పు ఉంచాలి. గుడులూ ఒత్తులూ రెండూ ఉన్న పేరైతే ఇంకాస్త.

నా మట్టుకు లోగోలో పేరుని చేత్తో రాయించడమే ఇష్టం. ఫ్లెక్సులు రాకముందు ఈ ఊరి బోర్డు ఆర్టిస్టులు ఒత్తుని పక్కకి జరిపి, తలకట్టుని పక్క అక్షరం మీదికి వాల్చి చోటు చేసుకునేవారు. ఫాంటు అలా సర్దుకోలేదు. ఫాంటే వాడాలంటే రామభద్ర, సురవరం, హింద్ గుంటూరు లాంటివి ఉచితంగా, వ్యాపారానికి కూడా వాడుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. ఏదైనా సరే, ఫైలు ఇచ్చే ముందు అక్షరాలని కర్వ్స్ చెయ్యాలి, అంటే ఫాంటుతో పనిలేని ఉత్త గీతలుగా మార్చాలి. కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ. ప్రెస్సుల్లో ఇంకా, ఫోన్లలో వెబ్‌లో వాడే యూనికోడ్ పద్ధతికి చెందని పాత 'అను' ఫాంట్లతో పని నడుస్తోంది, మీ యూనికోడ్ అక్షరం అక్కడికి వెళ్ళి ఒత్తు ఊడి పక్కన పడుతుంది.

ఎదురు మాటలు

మూడు బొమ్మలుంటే మూడు షాపులనుకోరా అని అడుగుతారు. ముడి, కళ్ళజోడు, బొట్టు కదలకుండా ఉంటే అనుకోరు. నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇది కాదు. ఫ్లెక్సు షాపువాడు ఫోల్డరు తెరిచి, ఐదు ఫైళ్ళలో కంటికి నచ్చింది వాడేస్తాడు. ఎప్పుడూ పెద్దదే నచ్చుతుంది. అది బోర్డెక్కుతుంది, అలుక్కుపోతుంది. అప్పుడు మూడు గీసిన కష్టం వృథా. దీనికి పూర్తి మందు లేదు. ఫైలు పేరులోనే సైజు రాయడం కొంత నయం. "చిన్నది, 12 నుంచి 30 మి.మీ., బోర్డుకీ ఇదే" అని. వెక్టరు ఫైళ్ళుగా పీడీఎఫ్, ఎస్‌వీజీ రెండూ ఇవ్వాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగానే పంపాలి.

డబ్బు సంగతి ఇంకా గట్టి ప్రశ్న. ఇంట్లో పదికిలోలు పట్టి అమ్మే ఆవిడకి మూడు బొమ్మల ఖర్చు బరువే. పని లెక్కన చూస్తే పెద్ద బొమ్మ పది పాళ్ళనుకుంటే నడిమిది నాలుగు, చిన్నది మూడు. ఒక్కదానికే డబ్బుంటే నడిమిది గీయించుకోమంటాను. అది లేబులుకి సరిపోతుంది, సంచికి సరిపోతుంది, వాట్సాప్ గుండ్రటి డీపీలో ఎలాగోలా నెట్టుకొస్తుంది. పెద్దది వ్యాపారం నిలబడ్డాక చూసుకోవచ్చు. జనం మాత్రం పెద్దదే ముందు గీయించుకుంటారు, అదే ముచ్చట కాబట్టి. అసలు బొమ్మే అక్కర్లేని వ్యాపారాలు బోలెడున్నాయి. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బోల్టుల షాపుకి ముఖం ఎందుకు, పేరు చక్కగా రాయిస్తే చాలు.

ఏఐతో అరనిమిషంలో వస్తోంది కదా అన్నది ఈనాటి మాట. ఊహ చూపించడానికి పనికొస్తుంది. చేతికొచ్చేది మాత్రం సాధారణంగా వెక్టరు కాదు, చుక్కల బొమ్మ. 1024 పిక్సెళ్ళదైతే 300 డీపీఐలో మూడున్నర అంగుళాలు దాటదు, తెలుగు అక్షరాలు తరచూ తప్పుగా వస్తాయి. పైగా అది కచ్చితంగా పెద్ద బొమ్మే, వెంట్రుక వెంట్రుకా ఉన్నది. చిన్నది మళ్ళీ ఎవరో ఒకరు గీయాల్సిందే.

కాగితం మీద పెట్టాల్సినవి

అడ్వాన్సు సగం తీసుకునే రోజునే ఒక పేజీ రాసుకోవాలి. ఏ ఏ సైజులు, తిరగేసిన రూపాలెన్ని, కరెక్షన్లు ఎన్ని విడతలు, హక్కులెవరివి. డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగుకి, పోర్ట్రెయిట్‌కి వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కు గీయించుకున్నవాళ్ళదని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అంటుంది. లోగో డ్రాయింగూ, చేత్తో రాసిన పేరూ దాని కిందికి వస్తాయా అని తర్వాత తగువు పడేకన్నా రాసుకోవడం మేలు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళే. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. గుంటూరు పచ్చడి అమెరికాకి పార్సిలు వెళ్ళే రోజుల్లో ఆ రెండో మాట మరిచిపోకూడదు.

ట్రేడ్‌మార్కుకి నడిమి బొమ్మని నలుపు తెలుపుల్లో ఇవ్వడం మంచిది. రంగు పరిమితి లేకుండా నమోదైన మార్కు అన్ని రంగులకీ వర్తిస్తుంది. నమోదులో సరుకులకి తరగతులుంటాయి, పచ్చళ్ళు 29వ తరగతి, కారప్పొడి 30. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. ఇంకొకటి. బతికున్న మనిషితోనో, చనిపోయి 20 ఏళ్ళు దాటని మనిషితోనో లేని సంబంధం ఉన్నట్టు మార్కు చూపిస్తోందనిపిస్తే, ఆ మనిషి లేదా వారసుల రాతపూర్వక సమ్మతి అడిగే అధికారం రిజిస్ట్రారుకి ఉంది. మనవడికి అమ్మమ్మతో సంబంధం ఉంది, నిజమే. కానీ ఆవిడకి ఇంకో ముగ్గురు పిల్లలు, ఎనిమిదిమంది మనవలు ఉంటారు. ముందే ఒక కాగితం మీద వాళ్ళ సంతకాలు తీసుకుంటే తర్వాత పెళ్ళిళ్ళలో ముఖాలు తిప్పుకోనక్కర్లేదు. అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం పెట్టమని అడిగేవాళ్ళూ ఉంటారు. అది రాష్ట్ర ప్రభుత్వ చిహ్నంలో ఉంది, దాన్ని పోలినట్టు గీస్తే చిక్కే.

డిజైను ఓకే చేసే ముందు పార్టీ తన ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. మూడు బొమ్మల్నీ, దేనికి తగ్గ సైజులో దాన్ని, మామూలు లేజర్ ప్రింటరు మీద, నలుపులో, 60, 40, 25, 15 మిల్లీమీటర్లలో తీయించి కత్తిరించండి. పచ్చడి నిండా ఉన్న సీసాకి అంటించి వంటింటి అరలో మిగతా సీసాల మధ్య పెట్టండి. గుమ్మం దగ్గర నిలబడి, అమ్మమ్మని ఎప్పుడూ చూడని పక్కింటివాళ్ళని పిలిచి, ఏముందో చెప్పమనండి. "కళ్ళజోడు పెట్టుకున్న ముసలావిడ" అంటే ప్రెస్సుకి పంపొచ్చు. "అదేంటి, పువ్వా?" అంటే ఆ సైజు మళ్ళీ గీయాలి, ఆ ఒక్క సైజే.